ఆస్పత్రిలో పెద్దవాళ్ల పక్కన మీరుంటే సిస్టర్‌కు ఎట్లా సాయపడాలి

ముప్పై మూడేళ్లు ప్రభుత్వాస్పత్రుల్లో నర్సుగా చేశాను. మొదట ఒంగోలు వైపు, తర్వాత నెల్లూరు జిల్లాలో. హెడ్ నర్సుగా రిటైరై ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. ఇన్నేళ్లూ రోగి తాలూకు వాళ్లను "పక్కకు జరగండమ్మా" అన్నదాన్నే తప్ప వాళ్ల స్టూలు మీద ఎన్నడూ కూర్చోలేదు. పోయిన వేసవిలో ఆ ముచ్చటా తీరింది. మా అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎనభై రెండేళ్ల మనిషి. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. పదకొండు రోజులు ఆ ప్లాస్టిక్ స్టూలే నా ఇల్లు.

రెండో రాత్రి డ్యూటీకి వచ్చిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. కేస్ షీట్‌లో ఉన్న పేరు పెట్టి, కుడివైపు నిలబడి, "నొప్పిగా ఉందా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. అమ్మ పలకలేదు. ఆ పిల్ల "మగతగా ఉంది" అని రాసుకుని వెళ్లబోయింది. నేను లేచి ఎడమ చెవి దగ్గర ఇంట్లో పిలిచే పేరుతో పిలిచాను. అమ్మ ఠక్కున కళ్లు తెరిచి, "ఏందే, గొడ్లకు కుడితి పెట్టారా?" అంది.

అమ్మకు కుడి చెవి వినిపించక పదేళ్లయింది. ఆధార్ కార్డులో ఉన్న పేరు పెట్టి ఆమెను పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. గొడ్లను అమ్మేసి పన్నెండేళ్లు. ఈ మూడు సంగతులూ నాకు తెలుసు. సిస్టర్‌కు తెలిసే దారే లేదు. తుంటి ఆపరేషన్ గురించి ఆ పిల్లకు నాకంటే ఎక్కువే తెలిసి ఉండొచ్చు. మా అమ్మ గురించి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నర్సును కాబట్టి అన్నీ వాళ్లే చూసుకుంటారని ధీమాగా కూర్చున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. మీ నాన్నో, అత్తగారో, జేజో ఆస్పత్రిలో ఉంటే సిస్టర్ పని మీరు చేయనక్కర్లేదు. ఆమెకు తెలియనిది చెప్పాలి. చదువు అక్కర్లేని పని కొంత అందుకోవాలి. చదువు అవసరమైన దాని జోలికి పోకూడదు. ఏది ఏదో తెలుసుకోవడమే కష్టం.

ఒక లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. నేను చేసిన వార్డుల్లో రాత్రిపూట 36 మంచాలకు ఇద్దరం. ఒకరు సెలవు పెడితే ఒక్కదాన్నే. పిలిచిన వెంటనే సిస్టర్ రాలేదంటే ఆమె ఫోన్ చూసుకుంటూ కూర్చుందని అనుకోకండి. కూర్చునేవాళ్లూ ఉంటారు, లేరని అనను. ఎక్కువసార్లు మాత్రం ఇంకో మంచం దగ్గర ఉంటుంది.

ముందు ఒక కాగితం రాయండి

చేరిన రోజే తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి మంచం తల వైపు గోడకు అంటించండి. సిస్టర్‌ను అడిగితే ప్లాస్టర్ ముక్క ఆమే ఇస్తుంది. మూడో రోజు నేను రాసింది ఇదీ: "ఇంట్లో పిలిచే పేరు ఫలానా. ఎడమ చెవి దగ్గర మాట్లాడండి. కళ్లజోడు ఉంది, దిండు పక్కన పెట్టాం. పై పళ్లు కట్టుడువి. పడక ముందు కర్ర పట్టుకుని తానే బాత్‌రూమ్‌కు వెళ్లేది. డబ్బులు లెక్క పెట్టేది, మనవళ్ల పేర్లన్నీ చెప్పేది. నొప్పి ఉంటే చెప్పదు, దుప్పటి అంచు నలుపుతుంది."

చివరి రెండు వాక్యాలు అన్నిటికంటే ముఖ్యం. పెద్దావిడ అర్థం లేకుండా మాట్లాడుతుంటే, ఎప్పుడూ ఇంతేనేమో, వయసు వల్లేమో అని కొత్తగా చూసే ఎవరైనా అనుకుంటారు. నాలుగు రోజుల కిందట పాలవాడి లెక్క తప్పు పట్టిన మనిషని తెలిస్తేనే ఇప్పుడేదో తేడా జరిగిందని అనుమానిస్తారు. నొప్పి సంగతీ అంతే. మన పల్లెల్లో ఆడవాళ్లు నొప్పి ఉందని నోటితో చెప్పరు. "ఏముందిలే అమ్మా" అంటారు. మొహం ముడవడం, పళ్లు బిగబట్టడం, ఏదో ఒకటి నలపడం ఇంట్లోవాళ్లకే అర్థమవుతుంది.

షుగరు, బీపీ, గతంలో చేసిన ఆపరేషన్లు, పడని మందులు ఈ కాగితంలో వద్దు. గోడ మీద అందరూ చదువుతారు. వాటిని విడిగా రాసి సిస్టర్ చేతికివ్వండి.

ఇంటి నుంచి తెచ్చే మందుల సంచి

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్ర ఇంటి సంచిలో ఉంది. మూడో రోజు పొద్దున, వీళ్లు మర్చిపోయారేమోనని నేనే వేశాను. వాళ్లు మర్చిపోలేదు. అదే మందును ఇంకో కంపెనీ పేరుతో గంట ముందే ఇచ్చారు. మధ్యాహ్నానికి పై బీపీ 88కి దిగింది. కాళ్లు ఎత్తులో పెట్టి, సెలైన్ ఎక్కించి, సిస్టర్లు పరుగులు పెట్టారు. ముప్పై మూడేళ్ల సర్వీసు ఏమైపోయిందో ఆ పూట! చార్జి సిస్టర్ నన్నొక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

మాత్రల అట్టలన్నీ, అయిపోయిన ఖాళీవి కూడా, సంచితో సహా మొదటి రోజే చూపించండి. నాటు మందు, లేహ్యం, నిద్రమాత్ర, కీళ్ల నొప్పులకు పక్కింటావిడ ఇచ్చిన మాత్ర కూడా దాచకండి. సాయంత్రం చుక్కేసుకునే అలవాటున్న పెద్దాయనైతే అదీ చెప్పండి. సిగ్గుపడి దాస్తే, తాగుడు మానిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి ఉన్నట్టు కనిపించే దశ వస్తుంది. కారణం తెలియక అందరూ తలలు పట్టుకుంటారు. చూపించాక ఆ సంచిని ఇంటికి పంపేయండి. దగ్గరుంటే చేయి ఊరుకోదు.

ఎప్పుడు మాట్లాడాలి

మా ప్రభుత్వాస్పత్రుల్లో పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 డ్యూటీలు. ప్రైవేటులో వేళలు మారతాయి, అడిగి తెలుసుకోండి. డ్యూటీ మారేటప్పుడు ఒక సిస్టర్ ఇంకొకరికి మంచం మంచం తిరిగి చార్జి ఇస్తుంది. అప్పుడు మీరు మంచం దగ్గర ఉండి, రెండే రెండు మాటలు చెప్పాలి. "రాత్రి రెండుసార్లే ఒంటికి పోయింది. పొద్దుటి నుంచి కాళ్ల మడమ మంటగా ఉందంటోంది." అట్లా చెబితే అది ఇద్దరి చెవిలోనూ పడుతుంది.

మందుల ట్రేతో నడుస్తున్న సిస్టర్‌ను మాత్రం ఆపకండి. పది మంది మందులు పది గిన్నెల్లో ఉంటాయి. మధ్యలో మాట కలిపితే ఒక గిన్నె ఇంకో మంచానికి పోతుంది. సెలైన్ అయిపోవచ్చిందని ముందే చూసి చెబితే మేలు. అయిపోయాక అరిచే కంటే అది నయం.

ఇంట్లోంచి ఒక్కరే మాట్లాడాలి. పొద్దున కొడుకు, మధ్యాహ్నం అల్లుడు, సాయంత్రం హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో కూతురు ఒకే ప్రశ్న అడుగుతుంటే సిస్టర్‌కు తల తిరిగిపోతుంది. నేనూ తిట్టుకున్నదాన్నే, లోపల్లోపల.

సాయంత్రం మాటలు మారితే

మళ్లీ గొడ్ల కుడితి దగ్గరికి వస్తాను. పెద్దవాళ్లు ఆస్పత్రిలో ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు ఏళ్ల మీద వస్తుంది. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి ముదురుతుంది. అరవడం, గొట్టాలు పీక్కోవడం ఒక రకం. ఇంకో రకం అంతకంటే మోసకారి. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంటుంది. "పాపం, అలసిపోయి నిద్రపోతోంది" అనుకుంటాం. నిద్రకూ దానికీ తేడా ఇంట్లోవాళ్లే ముందు పట్టగలరు.

నేను అమ్మను రోజూ రెండు పూటలా "వారాలు వెనక్కి చెప్పమ్మా" అని అడిగేదాన్ని. ఆదివారం, శనివారం, శుక్రవారం. పొద్దున గబగబా చెప్పేది. అయిదో రోజు సాయంత్రం శనివారం దగ్గర ఆగిపోయి గోడకేసి చూసింది. మంచం దిగుతానని గుంజుకులాట మొదలుపెట్టింది. మా పిన్ని గాలి సోకిందంటూ అప్పటికే ఒక తాయెత్తు కట్టించుకొచ్చింది. కట్టనీ, సూది లేని చేతికి కట్టమన్నాను. తాయెత్తుతో తగాదా లేదు, దాని మీదే ఆధారపడి ఊరుకోవడంతోనే.

ఆ రోజు పొద్దున యూరిన్ గొట్టం తీసేశారు. తర్వాత ఒంటికి పోయిన గుర్తు లేదు. రాత్రి సిస్టర్‌కు ఇట్లా చెప్పాను: "నిన్న ఇట్లా లేదు. సాయంత్రం 5 నుంచి మాట తేడాగా ఉంది. పొద్దున 9కి గొట్టం తీశాక ఒంటికి పోలేదు." పొత్తికడుపు మీద చేయి పెట్టి చూసి, డాక్టరుకు ఫోన్ చేసి, గొట్టం వేసింది. 800 మి.లీ. వచ్చింది. గంటలో అమ్మ పడుకుంది. "మా అమ్మ ఏదేదో మాట్లాడుతోంది" అని మాత్రమే చెప్పి ఉంటే నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చి ఊరుకునేవాళ్లేమో. నిద్రమందు ఈ అయోమయాన్ని చాలాసార్లు పెంచుతుంది.

కాబట్టి తేడా కనిపిస్తే మూడు ముక్కలు చెప్పండి: ఎప్పటి నుంచి, నిన్నటికి ఇవాళ్టికి ఏం మారింది, మీ కంటికి కనిపించిన ఇంకో సంగతి ఏంటి. మూత్రం ఆగిందా, మోషన్ కాక ఎన్నాళ్లయింది, నీళ్లు తాగిందా, జ్వరం ఉందా, నొప్పిగా ఉందా, రాత్రి నిద్ర పట్టిందా, కొత్త మందేమైనా మొదలైందా అని మీరే ఒకసారి మనసులో వెతుక్కోండి. డాక్టరు అడిగేవీ ఇవే.

ఈలోపు మీరు చేయాల్సింది చిన్నదే. కళ్లజోడు పెట్టండి, చెవి మిషన్ ఉంటే పెట్టండి. పగలు కిటికీ తెర తీయండి, రాత్రి లైటు తగ్గించమనండి. "ఇవాళ బుధవారం, నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాం, కాలుకు ఆపరేషన్ అయింది" అని మెల్లగా చెప్పండి. వాదించకండి. గొడ్లు లేవని నేను మొదట వాదించాను. అమ్మ ఏడ్చింది. తర్వాతి రాత్రి "తమ్ముడు చూసుకుంటున్నాడులే" అన్నాను, ఊరుకుంది. చేతులు కట్టేయడం మీరై మీరు చేయకండి. కట్టేస్తే ఇంకా బెదిరిపోతారు.

ఒత్తిడి పుళ్లు

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. వెల్లకిలా, ఎడమకు, వెల్లకిలా, కుడికి. ముప్పై ఆరు మంచాల వార్డులో సిస్టర్ ఒక్కతే ఇది రాత్రింబవళ్లు చేయలేదు. ఆమెకు మీరు నిజంగా బరువు దించగలిగే పని ఇదే. మొదటిసారి ఆమె చేత చేయించి చూడండి. తుంటి ఆపరేషన్ అయితే ఏ వైపు తిప్పాలో, ఏ వైపు తిప్పకూడదో ముందే అడగండి. కాళ్ల మధ్య దిండు పెట్టి, భుజమూ తుంటీ ఒకేసారి తిరిగేట్టు తిప్పాలి. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు కింద దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు.

పైకి జరపాల్సి వస్తే చంకల కింద చేతులేసి లాగకండి. పెద్దవాళ్ల చర్మం తడిసిన కాగితం లాంటిది, రాపిడికి ఊడొస్తుంది. పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి నడుము కింద పరిచి, ఇటొకరు అటొకరు అంచులు పట్టి ఎత్తి జరపాలి. నైలాన్ చీర వద్దు.

తిప్పినప్పుడల్లా నడుము దిగువ ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు, బరువు తీసేస్తే సర్దుకుంటుంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఛాయ తక్కువ ఒంట్లో ఎరుపు కనిపించదు. అక్కడ వేడిగానో గట్టిగానో ఉందా అని తడిమి చూడాలి. అనుమానమొస్తే వెంటనే సిస్టర్‌ను పిలిచి చూపించండి. అక్కడ కొబ్బరినూనె పెట్టి రుద్దడం మన ఇళ్లల్లో పెద్ద అలవాటు. రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో చిల్లున్న ట్యూబు దిండు కూడా వద్దు. మడమల కోసం పిక్కల కింద దిండు పెట్టి, మడమ గాల్లో ఉండేట్టు చూడండి. ఎయిర్ బెడ్ తెచ్చినా తిప్పడం మానకూడదు.

కనిగిరి చుట్టుపక్కల నుంచి వచ్చే పెద్దవాళ్ల గురించి ఒక మాట. ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు అవి. మెడ, నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటాయి, ఎముక పెళుసు. మామూలుగా తిప్పినట్టు తిప్పితే కేకేస్తారు. తల కింద ఎత్తు ఎంత కావాలో వాళ్లే చెబుతారు, వాళ్లు చెప్పినట్టే పెట్టండి. వార్డులో కొత్తగా చేరిన పక్క రాష్ట్రం నర్సులకు ఇది తెలియకపోవచ్చు, ముందే చెప్పండి.

తిండి, నీళ్లు, కొంగు ముడులు

ఎంత తాగింది, ఎంత పోసింది అని సిస్టర్ అడిగితే "బాగానే తాగిందండీ" అంటాం. ఆమె చార్టులో "బాగానే" రాసుకోలేదు. ఒంగోలులో చేసే రోజుల్లో ఒక పెద్దాయన గుండె జబ్బుతో ఉన్నాడు, రోజుకు ఇన్నే నీళ్లని లెక్క. ఆయన భార్య పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి పోయే మనిషి, చదువు రాదు. గ్లాసుకో ముడి చొప్పున కొంగుకు ముడులు వేసేది. డ్యూటీ మారేటప్పుడు కొంగు చూపించి, నేను లెక్క రాసుకున్నాక విప్పేసేది. అంత కచ్చితమైన లెక్క చదువుకున్నవాళ్లు కూడా నాకు ఎన్నడూ ఇవ్వలేదు. మీ గ్లాసు ఎన్ని మి.లీ. పడుతుందో ఒకసారి సిస్టర్‌ను అడిగి కొలుచుకోండి, చాలు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కొంచెం కిందికి. చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాక ఇంకొకటి. మగతలో ఉంటే పాలు, కాఫీ, ఏదీ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. దగ్గు, గొంతులో గరగర మొదలైతే ఆపేసి చెప్పండి. రెండు పూటలా నోరు తుడవండి. నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా వచ్చే ముప్పు తగ్గుతుంది, ఇది చాలామందికి తెలియదు.

చుట్టాలు తెచ్చే కొబ్బరిబోండాలు అడిగి పట్టండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అందులోని పొటాషియం ప్రమాదం. చేపల పులుసు క్యారియరు తెచ్చినవాళ్లకు దండం పెట్టి, ఆ క్యారియరు మీరు తినండి.

ముట్టుకోకూడనివి

సెలైన్ వేగం తిప్పే చక్రం. ఆక్సిజన్ మీట. ముక్కు గొట్టంలో ఆహారం, సిస్టర్ నేర్పి, చూసి, సరే అనేదాకా. యూరిన్ బ్యాగును మంచం మీద పెట్టకండి, నేల మీదా పెట్టకండి, ఎప్పుడూ పొత్తికడుపుకు కిందే వేలాడాలి. చేతి సూది దగ్గర వాచినా, ఎర్రబడినా, మండినా ఆగకుండా చెప్పండి. ఆక్సిజన్ దగ్గర చుట్ట వెలిగించబోయిన తాతను నేను ఒకసారి పట్టుకున్నాను, ఇప్పటికీ గుండె దడ.

లేపి నడిపించడం ఫిజియోథెరపిస్టు చెప్పాకే. కానీ చెప్పాక బద్ధకించకండి. అమ్మను ఆపరేషన్ మర్నాడే నిలబెట్టారు. మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, తల తిరగలేదని చూసుకుని లేపాలి. పడిపోవడం ఎక్కువగా రాత్రి బాత్‌రూమ్‌కు తానే లేచినప్పుడు జరుగుతుంది. అందుకే పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మీరే అడిగి తీసుకెళ్లండి.

మంచం తాకే ముందూ తాకాకా చేతులు కడగండి. సీసాలో ఉండే శానిటైజరైతే ఇరవై ముప్పై సెకన్లు రుద్దాలి.

ఇంటికి పంపే ముందు రోజు

డిస్చార్జి రోజు గందరగోళంగా ఉంటుంది. బిల్లు, అంబులెన్సు, చీటీలు. అందుకే ముందు రోజు మధ్యాహ్నం, సిస్టర్ కాస్త తీరికగా ఉన్నప్పుడు, ఇంట్లో చేయాల్సినవి నేర్పమనండి. కట్టు, పొట్ట మీద వేసే ఇంజెక్షన్, తిప్పడం. విని తలూపకండి, ఆమె ముందు మీరే ఒకసారి చేసి చూపించండి. తప్పు అక్కడే దొరుకుతుంది. కుట్లు ఎప్పుడు తీయాలో, ఏం కనిపిస్తే వెంటనే రావాలో కాగితం మీద రాయించుకోండి.

డబ్బు సంగతులు సిస్టర్‌ను అడగకండి, ఆమె చేతిలో లేవు. ఎన్టీఆర్ వైద్య సేవ (మన రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం) డెస్కులో అడగండి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యానికి 2024 అక్టోబరులో కేంద్రం వయ వందన కార్డు పెట్టింది. ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో చేరకముందే అడిగి ఉంచుకుంటే మేలు. ఇంటికొచ్చాక పెద్దవాళ్ల సంగతులు ఏవైనా అడగడానికి 14567 నంబరు ఉంది.

వెళ్లేటప్పుడు సిస్టర్లకు స్వీట్లు ఇస్తే ఇవ్వండి, ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆస్పత్రి పుస్తకంలో ఆ అమ్మాయి పేరు, ఆమె చేసిన పని రాయండి. పైవాళ్లు చదివేది దాన్నే. నేను ఆ రాత్రి 800 మి.లీ. సంగతి రాశాను.

తర్వాత మంచం ఖాళీ చేసే ముందు దిండు గలీబు విదిలించి చూడండి. చేతి సూది తీశారా చూడండి. కట్టుడు పళ్లు డబ్బాలో ఉన్నాయా చూడండి, న్యాప్‌కిన్‌లో చుట్టిన పళ్లు చెత్తబుట్టలోకి పోవడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. మా అమ్మ కళ్లజోడు గలీబు లోపలే దొరికింది, ఒక కాడ వంగిపోయి.